ధనుర్మాసపు వేకువలో గులాబీల పోటీ

మా నక్కపల్లి యాత్రికులు పనిగట్టుకొని వచ్చి చూచు నూరు కాదు. కలకత్తానుండి చెన్నపట్టణమునకు బోవు జాతీయ రహదారి మా యూరి మీదుగా బోవుచున్నను, తుని దాటిన బండి యెలమంచిలి చేరుదాక మావైపు తలయెత్తి చూచువారు తక్కువ. చూచినవారికి కొబ్బరితోటలును, జీడిమామిడి తోపులును, తాళవృక్షముల బారులును, వాని వెనుక నీలముగా కొండలును గానవచ్చును. సముద్రపు దిక్కున రాజయ్యపేట మొదలగు జాలరిపల్లె లున్నవి. పూర్వము విశాఖపట్టణపు జిల్లాలోనిదైన మా మండలము 2022 ఏప్రిల్ నెలలో నేర్పడిన అనకాపల్లి జిల్లాలో, అప్పుడు నర్సీపట్నము రెవెన్యూ డివిజనులో జేరినది. మందుల పరిశ్రమల పార్కునకు 2025 జనవరి 8వ తేదీని ప్రధానమంత్రి విశాఖపట్టణమునుండి శంకుస్థాపన చేసిననాటినుండి మా యూరి పేరు పత్రికలలో దఱచుగా గనబడుచున్నది. కాని మా ప్రాంతమునకు నసలైన ప్రతిష్ఠ యుపమాక వేంకటేశ్వరస్వామివలన గలిగినది. మా యూరికి జేరువనే, గరుడాద్రి యను కొండమీద స్వామి వెలసియున్నాడు. ధనుర్మాసము వచ్చెనా, తెలతెల్లవాఱకమున్నే యుపమాక త్రోవను జనుల సందడి మొదలగును. ఇండ్ల ముంగిళ్లలో స్త్రీలు దీపపు వెలుతురున ముగ్గులు దీర్చుచుందురు.

అట్టి యొక వేకువను మా యింట జరిగిన ముచ్చటను, దానివలన మాలో గలిగిన మార్పును సోదరీమణులకు నివేదింపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మావారు ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులు. మేము మాత్రము బడికి బోయి చదివినవారము కాము. మా నాయనగారు పండితులగుటచే నింటనే యమరమును, కావ్యములును, భారత భాగవతములును జెప్పించిరి. ఆట యనిన మాకు దెలిసినవి వామనగుంటలును, అచ్చనగండ్లును మాత్రమే. మైదానమున నడుగు పెట్టి యెఱుగము. అట్టి మా కడుపున బుట్టిన పిల్ల, అప్పటి కెనిమిదవ తరగతి చదువుచున్నది, కబడ్డీ యనిన బ్రాణము విడుచునదయ్యెను. 2023 డిసెంబరులో దానిని బడి జట్టునకు నెన్నుకొనిరి. సంక్రాంతి సెలవుల పిమ్మట పొరుగు మండలమున మూడుదినములు పోటీలు. మావారు వెంటనే సరే యనిరి. అత్తగారు, "మీ పిల్ల, మీ యిష్టము" అని యూరకుండిరి. వలదని గట్టిగా బలికినవారము మేమే. మోకాలు విఱిగిన నెవరు దిక్కు? ఎదిగిన పిల్ల పరాయి యూరిలో రాత్రులు గడపుట యెట్లు? నలుగురు నేమందురు? ఇవి మా ప్రశ్నలు. పిల్ల మారు పలుకలేదు. కాని యాదినము మొదలు మే మడిగినదానికి "ఊ" యనుట తప్ప మాతో మాటలాడుటయు మానెను. ఇల్లంతయు మౌనవ్రతము పట్టినట్లుండెను.

ఇట్లుండగా, అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయమున జదువుచున్న మా తమ్ముడు ఫోనుచేసెను. "అక్కా! మా కళాశాల జట్టు గులాబీపాత్ర పోటీకి వెళ్లుచున్నది. నేనుకూడ స్నేహితులతో బోయి చూచెదను. అక్కడ మధ్యాహ్నము రెండుగంటలకు మొదలు. మీకు జనవరి రెండవ తేదీ తెల్లవాఱుజామున మూడున్నర. మీరెలాగును ధనుర్మాసమున లేచియుందురు గదా, చూడుడు" అని దాని మార్గము మావారికి దెలిపెను. గులాబీలేమి, పాత్రయేమి, దానికి జట్టులు పోరాడుటయేమి యని మే మాశ్చర్యపడితిమి. మావారు రెండుదినములు చదివి, తరగతిలో జెప్పినట్లే మాకును జెప్పిరి. ఆ సంగతులు మా సోదరీమణులకును గుతూహలము గలిగించునని తలంచి కొంత వ్రాయుచున్నాము.

కాలిఫోర్నియా రాష్ట్రమున లాస్ ఏంజిలిస్ నగరము ప్రక్క పాసడీనా యను పట్టణము గలదు. దేశమున నితర ప్రాంతములు మంచుతో గప్పబడియున్న జనవరి మాసమున నచ్చట గులాబీలు పూయును. ఆ వైభవమును లోకమునకు జూపుటకై యచ్చటివారు 1890వ సంవత్సరమున నూతన సంవత్సరపు దినమున బూలబండ్ల యూరేగింపు మొదలిడిరి. 1902లో నాయుత్సవమునకు దోడుగా రెండు కళాశాలల నడుమ ఫుట్‌బాలు పోటీ పెట్టిరి. అందు మిషిగన్‌వారు 49 గుణములు సాధింపగా, స్టాన్‌ఫర్డువారి కొక్కటియు రాలేదు. అంత యేకపక్షమైన యాట చూచి విసిగినవారై నిర్వాహకులు దానిని మాని, రథముల పందెములు మొదలగు వానిని నడిపిరి. 1916లో మరల ఫుట్‌బాలు వచ్చి స్థిరపడినది. 1922లో గట్టిన క్రీడాస్థలము పెద్ద గిన్నెవలె నుండుటచే దానికి గులాబీపాత్ర యని పేరు గలిగెను. ఆ పేరు చూచి యితర పట్టణములవారును దమ పోటీలను బాత్రలనియే పిలువజొచ్చిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, జపానువారి దాడిభయముచే నీ పోటీని తూర్పుతీరమున ఉత్తర కెరొలైనాకు మార్చిరి. కరోనా వ్యాధికాలమున, 2021లో, టెక్సాసు రాష్ట్రమున జరిపిరి.

సెప్టెంబరు మొదలు డిసెంబరు వఱకు గళాశాలల జట్టులు తమ తమ పోటీలు ముగించుకొనిన పిమ్మట, మేలైనవారి నేఱి యీ పాత్రలకు బిలుతురు. మన రైతులు పంట యింటికి జేరిన తరువాత సంక్రాంతికి కోడెల నలంకరించి పందెములకు దెచ్చినట్లు దోచినది మాకు. ఆ సంవత్సరము దేశమంతట నలుగురే మిగిలిరి. గులాబీపాత్రలో మిషిగన్, అలబామా జట్టులలో నెవరు గెలిచిన వారు తుదిపోటీకి బోవుదురు. ఓడినవా రింటికి బోవుదురు. అట్లు నలుగురితో నడచిన కడపటి సంవత్సర మదియే. మఱుసటియేటినుండి పండ్రెండు జట్టుల కవకాశ మిచ్చిరి.

వారు ఫుట్‌బాలనుచున్నది మన పిల్లలు కాలితో దన్ను బంతియాట కాదు. బంతి గుండ్రముగా నుండదు. రెండు కొనలు దేఱి, పీచు వొలువని చిన్న కొబ్బరికాయవలె నుండును. ఒక్కొక్క పక్షమున బదునొకండ్రు. నూఱు గజముల మైదానము. బంతి చేతగలవారు నాలుగు యత్నములలో బది గజములు ముందునకు బోవలెను. పోగలిగిన మరల నాలుగు యత్నములు లభించును. పోలేకున్న బంతి పరుల పాలగును. తుదిగీటు దాటించిన నాఱు గుణములు. దాని వెంట గఱ్ఱల నడుమనుండి బంతిని దన్నిన నింకొకటి. గీటు చేరలేక దూరమునుండియే యట్లు దన్నిన మూడు. నాలుగు పాదములాట, పాదమునకు బదునైదు నిమిషములు. అడుగడుగున నాపుచుందురు గనుక మూడుగంటలకు మించి పట్టును.

జనవరి రెండవ తేదీని మూడుగంటలకే లేచి స్నానముచేసి, దీపము వెలిగించి, టెలివిజను ముందు గూర్చుంటిమి. మావారు, అత్తగారు, మేము. మాతో బలుకకున్నను పిల్లయు వచ్చి నాయనమ్మ దుప్పటిలో దూరి కూర్చుండెను. తెరమీద సూర్యకాంతి వెల్లివిరిసియున్నది. పచ్చని పచ్చిక, వెనుక సాన్ గాబ్రియల్ కొండలు. తొంబదియాఱువేల మూడువందల డెబ్బదియొక్క మంది యానాడు చూడవచ్చిరని పిమ్మట దెలిసినది. మా తమ్ముడు వారిలో నెక్కడనో యొక యావగింజ. అయినను అత్తగారు కళ్లద్దములు సరిచేసికొని యడుగడుగున వాని కొఱకే వెదకిరి.

పిల్లలు శిరస్త్రాణములు ధరించి, భుజములకు గవచములు గట్టి, యొకరినొకరు పొట్టేళ్లవలె ఢీకొనుట చూచి మా గుండె జల్లుమన్నది. "ఏమమ్మా, ఆ కుఱ్ఱవాళ్లకు తల్లులు లేరా?" అని యత్తగా రడిగిరి. మేమును "చూచితిరా!" యని మావారి వంక జూచితిమి. పూర్వ మీ యాటలో బ్రాణములే పోయెడివని మావారొప్పుకొనిరి. 1905లో బలువురు మరణింపగా, నధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు కళాశాలల పెద్దలను బిలిపించి మందలించెనట. దానితో 1906లో నియమములు మార్చి, బంతిని ముందునకు విసరుట కనుమతించిరి. అంతదాక నందఱు నొక్కచోట గుమిగూడి త్రొక్కుకొనుటయే యాట. "ఆట నాపలేదు, ఆడు విధమును మార్చినారు" అని మావారనిరి. ఆ మాట మాకు దగిలెను గాని తెలియనట్లే యుంటిమి.

మొదట మిషిగన్‌వారొకరు బంతిని జారవిడువగా, నలబామావారు దాని నందుకొని తుదిగీటు దాటిరి. అంతలో మిషిగన్‌వారు సరిపెట్టి, మించిరి. సగమాట ముగియునప్పటికి 13, 10. ఆ విరామమున ముంగిటికి వచ్చి ముగ్గు మొదలిడితిమి. మంచు కురియుచుండెను. ఉపమాక త్రోవను భక్తులు గోవిందనామము చేయుచు బోవుచుండిరి. పదునొకండు చుక్కలు పెట్టి, గీతలు సగము కలిపితిమో లేదో, లోపలినుండి కేక. ముగ్గుబుట్ట యచ్చటనే విడిచి పరుగెత్తితిమి. గొబ్బెమ్మలు బోర్లపడిన సంగతి యప్పుడు చూచుకొనలేదు.

కడపటి పాదము వచ్చినది. అలబామావారు 17, పిమ్మట 20 చేసిరి. మిషిగన్ 13 దగ్గఱనే నిలిచినది. అప్పుడొక వింత జరిగినది. తెరమీది వెలుగు క్రమముగా నెఱ్ఱబాఱి కొండలకు నీడలు దిగుచుండగా, మా కిటికీలో కొబ్బరియాకుల సందున నదే యెఱుపు పొడసూపినది. భూగోళముమీద నచ్చటి సూర్యుడస్తమించువేళయు, మా సూర్యుడుదయించువేళయు నించుమించుగా నొక్కటియే యని మావారు పలకమీద గీచి చూపిరి. మన దేశపు గడియారమునకు బ్రమాణమైన రేఖ కాకినాడ చేరువగా బోవుచున్నదనియు, మనకును వారికిని బదమూడున్నర గంటల యంతరమనియు జెప్పిరి. ఒకే సూర్యుడు మా తమ్మునికి వీడ్కోలు చెప్పి నేరుగా మా యింటికి వచ్చినట్లు దోచి మాకు గన్నులు చెమర్చినవి. హరిదాసు చిడతల చప్పుడు వీథిలో వినబడెను. పిల్ల పరుగున బోయి బియ్యము పోసివచ్చెను.

ఆట ముగియుట కింక నొక నిమిషము ముప్పదినాలుగు సెకండ్లున్నవనగా మిషిగన్‌వారు గీటు దాటి 20, 20 చేసిరి. అటుపిమ్మట వారిలో నొక బాలుడు తన గీటుచెంతనే బంతిని జారవిడిచి, ప్రాణము పోయినట్లు దానిమీద బడెను. "అయ్యో నాయనా!" అని యత్తగారు లేచి నిలుచుండిరి. అంతకుముందు తల్లులు లేరా యన్నవారే! సమము విడువలేదు గనుక నదనపు ఆట. ఒక్కొక్కరికి నిరువదియైదు గజములనుండి యవకాశము. మిషిగన్‌లో బ్లేక్ కోరమ్ అను యువకుడు పదునేడు గజములు పఱుగెత్తి గీటు దాటెను. 27. ఇప్పుడు వంతు అలబామాది. మూడు యత్నములు పోయినవి. నాలుగవది మిగిలినది. తుదిగీటునకు మూడే మూడు గజములు.

మాతో మాటలాడని మా పిల్ల యప్పుడు మా చేయి పట్టుకొని, "అమ్మా! బంతి చేతిలోనివాడు తానే నడిమిగుండా దూరుతాడు చూడు. కబడ్డీలో గొలుసుకట్టు మధ్యకు పోయినవాడికి ఇదే గతి" అనెను. జేలన్ మిల్రో యను నాయకుడు నిజముగనే తానే బంతి పట్టి నడుమ జొచ్చెను. పద్మవ్యూహమున నభిమన్యుడే. గోడవలె మిషిగన్‌వారు కమ్ముకొనిరి. గీటు చేరకమున్నే యాతడు నేలగూలెను. ఆట ముగిసినది.

అత్తగారు నిట్టూర్చి, "బలి చక్రవర్తి మూడడుగులు అడిగినవాడికి ఇచ్చాడు. వీళ్లు మూడు గజాలు ఇవ్వలేకపోయారు" అనిరి. నవ్వితిమి. కాని గెలిచినవారి గంతులకంటె, తలలు వంచుకొని వెలుపలికి నడచుచున్న యోడినవారే మా కన్నులలో నిలిచిరి. ఇరువదేండ్ల పిల్లలు. తొంబదివేల కన్నులయెదుట మూడు గజములకై ప్రయత్నించి పడినవారు. వారి తల్లు లానాడేమనుకొనిరో! పంపకుండవలసినదని యొక్కతెయైన ననుకొనియుండునా? ఈ ప్రశ్న మమ్ము వదలలేదు.

ముగ్గు పూర్తిచేయుటకు బోగా పిల్లయు వెంట వచ్చెను. "అమ్మా! అదే మైదానంలో 1999లో ఆడవాళ్ల ప్రపంచకప్పు తుదియాట జరిగింది, తెలుసా? తొంభైవేలమంది చూశారట. అమెరికావాళ్లు చైనామీద గెలిచారు" అనెను. ఎవరు చెప్పిరనగా "నాన్న" యని నవ్వెను. పిమ్మట విచారింపగా, 1972లో నా దేశమున నొక చట్టము వచ్చెననియు, ప్రభుత్వధనము దీసికొను విద్యాలయములు బాలికలకును బాలురతో సమముగా నవకాశము లీయవలెనని యది శాసించెననియు, దానిపిమ్మటనే స్త్రీల యాటలు కళాశాలలలో బ్రబలెననియు దెలిసినది. మన దేశమందును స్త్రీల కబడ్డీ 2010 మొదలు ఆసియా క్రీడలలో నున్నది. 2018లో మనవారు తుదిపోటీలో నిరానువారిచే 24, 27తో నోడిరి. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున 26, 25తో, ఒక్క గుణపు దేడతో, గెలిచి స్వర్ణము దెచ్చిరి. ఆ క్రీడలలో భారతదేశమునకు నూఱవ పతక మదియే. ఓడిన యైదేండ్లకు దిరిగి గెలిచిన యా కథ మా పిల్లకు గంఠస్థము.

"పడితే మోకాలు విఱుగదా?" యని యడిగితిమి. అది ముగ్గు ప్రక్కన నేలమీద పడి చూపెను. భుజము మొదట, తరువాత వీపు, మోకాలు ముడిచి. "పడడమే మొదటి పాఠం అమ్మా. మా మాస్టారు నెల రోజులు పడడమే నేర్పారు" అనెను. భారతములో యుద్ధపర్వములన్నియు జదివితిమి గాని, పడుట నేర్చుకొనవలసిన విద్య యని మా కెవరును జెప్పలేదు. మేము భయపడినది పడుటకు. పిల్ల యప్పటికే పడుట నేర్చియుండెను.

ఆనాటి సాయంకాలమే మా యనుమతి దెలిపితిమి. అయితే నియమములు లేకపోలేదు. జట్టు వెంట నుపాధ్యాయిని యొకరు తప్పక రావలెను. రాత్రి బస యెచ్చటనో ముందుగా దెలియవలెను. మోకాళ్లకు దొడుగులుండవలెను. తల తిరిగినను, కీలు నొప్పించినను దాచక చెప్పి యాట నిలుపవలెను. ఇవి కోరుట తల్లిదండ్రుల హక్కు, కాదు, విధి. "వలదు" అను నొక్క మాటతో నీ విధి తీఱదని మాకప్పటికి దెలిసినది. వలదనుట సులభము, వలసినది చేయించుట కష్టము. మేము సులభమైనదాని నెన్నుకొని, దానికి వాత్సల్యమని పేరు పెట్టుకొంటిమి.

జనవరి 8వ తేదీని తుదిపోటీలో మిషిగన్‌వారు వాషింగ్టన్ జట్టును 34, 13తో నోడించి దేశవిజేతలైరి. మా తమ్ముడు గొంతు బొంగురుపోయి మూడుదినములు మాటలాడలేదు. అలబామా జట్టునకు బదునేడేండ్లు శిక్షకుడైన నిక్ సేబన్ పెద్దమనిషి యా యోటమియే తన కడపటి యాట కాగా, 10వ తేదీని విరమించెను.

సంక్రాంతి వెళ్లినది. కోసిన చేలలో బిల్లలు చెడుగుడు కూతలు పెట్టిరి. ఆ యేడు మొదటిసారిగా నా కూతలలో నాడపిల్లల గొంతుకలును వినబడెను. వారికి నేర్పునది మా పిల్లయే. మా యిరుగుపొరుగు వారిలో నొకరిద్దఱు మూతి విఱిచిరి. మఱియొకరు తమ కూతునుగూడ బంపిరి.

పోటీలకు బోయిన మూడవనాటి రాత్రి పిల్ల తిరిగి వచ్చెను. మోచేయి గీచుకొనిపోయెను. దుస్తులు మన్నుగొట్టుకొనియుండెను. గుమ్మమున నిలిచి, "ఓడిపోయాము. రెండే రెండు గుణాలు" అనెను. మాకేమి చెప్పుటకు దోచలేదు. అత్తగారు మోచేతికి బసుపు రాచిరి. మేము వేడియన్నములో నెయ్యి వేసి పెట్టితిమి. రెండుమాఱులు మారు వడ్డించుకొని తినెను. చేయి కడుగుకొని, "అమ్మా, వచ్చేయేడు కూడ పంపుతావు గదా?" యని యడిగెను.

"ముందు పడుకో, రేపు బడి యున్నది" యని కసరితిమి. అది "ఊ" యనెను. కాని యీ మాఱు నవ్వుచు ననెను.